నచ్చని కచేరీ నుంచి లేచి వెళ్లవచ్చా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని అవాంగార్డ్ (అలవాటైన పద్ధతులను వదిలి కొత్త ప్రయోగాలు చేసే) ధోరణుల గురించి గత సంచికలో ప్రచురించిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. రచనల నిర్మాణం గురించి అడిగినవారు కొద్దిమందే. ఆ సంగీతం వింటూ సభలో తాము పడిన ఇబ్బంది గురించి, చుట్టూ కూర్చున్నవారి ప్రవర్తన గురించి రాసినవారే ఎక్కువ. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయించాను.

ప్రశ్న: ఇటీవల ఒక ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లాను. మొదట బీథోవెన్ రచన, ఆఖరున బ్రామ్స్ సింఫనీ, మధ్యలో ఒక సమకాలీన స్వరకర్త రాసిన ఇరవై నిమిషాల రచన ఉన్నాయి. ఆ మధ్య రచన మొదలైన కాసేపటికే కొందరు లేచి వెళ్లిపోయారు. నాకూ అది ఏమాత్రం నచ్చలేదు, కానీ కదలలేకపోయాను. చివరికి అందరితో పాటు చప్పట్లు కొట్టి, అబద్ధమాడినట్లు బాధపడ్డాను. నాకు సంగీతజ్ఞానం లేదని అనుకోవాలా? (ఒక పాఠకురాలు)

జవాబు: అలా అనుకోనక్కరలేదు. ఒక రచన గురించి తెలియడం వేరు, అది నచ్చడం వేరు. ఆ సంగీతాన్ని క్షుణ్ణంగా చదువుకున్నవారిలో కూడా దానిని ఇష్టపడనివారు ఉన్నారు. మీ ఇబ్బందికి రచన ఎంత కారణమో, దానిని కార్యక్రమంలో ఉంచిన చోటు కూడా అంతే కారణమని నా అభిప్రాయం. బ్రామ్స్ కోసం వచ్చినవారు కొత్త రచనను తప్పించుకోకుండా ఉండాలని నిర్వాహకులు దానిని మధ్యలో పెడతారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ బీథోవెన్ విన్న చెవి వెంటనే మరొక బీథోవెన్‌ను ఆశిస్తుంది, ఆ ఆశ తీరకపోతే అది కోపంగా మారుతుంది.

1954 డిసెంబర్ 2న పారిస్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఎడ్గార్ వారేజ్ తన ‘డెజేర్’ అనే రచనలో గాలి వాద్యాలు, పియానో, తాళవాద్యాలు వాయించే భాగాల మధ్య టేపు మీద ముద్రించిన శబ్దాలను చేర్చాడు. కర్మాగారాల రొద వంటి ఆ శబ్దాలను మోజార్ట్, చైకోవ్‌స్కీల రచనల నడుమ వినిపించారు. హెర్మన్ షెర్హెన్ నిర్దేశకత్వంలో సాగిన ఆ కచేరీని రేడియో ప్రత్యక్షంగా ప్రసారం చేసింది కాబట్టి, సభలోని అరుపులు, ఈలలు కూడా సంగీతంతో పాటు ఇళ్లకు చేరాయి. ఆ రాత్రి చైకోవ్‌స్కీ కోసం వచ్చినవారు మూర్ఖులని నేను అనను. తాము దేనికి వచ్చారో, తమకు ఏది వినిపించారో వాటి మధ్య ఉన్న దూరానికి వారు అలా స్పందించారు.

ఇక మీరు కొట్టిన చప్పట్ల విషయం. అవి స్వరకర్తకే చెందాలని నియమమేమీ లేదు. ఎన్నో వారాల సాధన చేసి, కష్టమైన లయలను తప్పకుండా వాయించిన కళాకారులు మీ ఎదుట ఉన్నారు. వారికి చప్పట్లు కొట్టడంలో అబద్ధం లేదు. ఈసారి ఎప్పుడైనా వెళ్లిపోవాలని నిశ్చయంగా అనిపిస్తే, రెండు రచనల మధ్య గానీ ఒకే రచనలోని రెండు భాగాల మధ్య గానీ వచ్చే ఖాళీలో నిశ్శబ్దంగా వెళ్లండి. అది ఎవరికీ అవమానం కాదు. మధ్యలో లేచి వరుసంతా కదిలిస్తూ వెళితే ఇబ్బంది పడేది స్వరకర్త కాదు, శ్రద్ధగా వింటున్న మీ పక్కవారు.

ప్రశ్న: 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ సంగీతం విని జనం కొట్టుకున్నారని ప్రతి పుస్తకంలోనూ రాస్తారు. కేవలం సంగీతం విన్నందుకే మనుషులు అంతగా రెచ్చిపోతారా? (ఒక సంగీత విద్యార్థి)

జవాబు: సంగీతం ఒక్కటే కారణమని నేను నమ్మను. ఎందుకో వివరంగా చెబుతాను.

స్ట్రావిన్‌స్కీ సంగీతం కూర్చిన బ్యాలే (నృత్యనాటకం) ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’ తొలి ప్రదర్శన 1913 మే 29న షాంజెలిజే థియేటర్‌లో జరిగింది. ఆ భవనం ప్రారంభమై అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. డయాగిలెవ్ నడుపుతున్న రష్యన్ బ్యాలే బృందానికి నిజిన్‌స్కీ నృత్యం కూర్చాడు, పియెర్ మాంట్యూ ఆర్కెస్ట్రాకు నిర్దేశకత్వం వహించాడు. ముందు రోజు ఆహ్వానితుల ఎదుట జరిగిన పూర్తి రిహార్సల్‌లో ఎటువంటి గొడవా లేదు. ఆ రాత్రి మాత్రం బసూన్ అనే గాలి వాద్యం తన సహజ స్థాయిని దాటి పైస్థాయిలో పలికిన తొలి పలుకులకే నవ్వులు మొదలయ్యాయి. తెర లేచి, పాదాలను లోపలికి తిప్పి, మోకాళ్లు వంచి, నేలను గట్టిగా తొక్కుతున్న నర్తకులు కనబడగానే ఆ నవ్వులు కేకలుగా మారాయి. వాద్యాలు వినబడక నర్తకులు లయ తప్పుతుంటే నిజిన్‌స్కీ పక్కతెర వెనుక నిలబడి లెక్కలు అరిచి చెప్పవలసి వచ్చింది. డయాగిలెవ్ సభలోని దీపాలను వెలిగించి, ఆర్పి జనాన్ని శాంతపరచాలని చూశాడు. మాంట్యూ మాత్రం చలించకుండా రచనను చివరిదాకా నడిపించాడు.

ఇప్పుడు ఆ సభలో ఎవరున్నారో చూడండి. ఒక వైపు ఖరీదైన బాక్సుల్లో కూర్చున్న సంపన్నులు. వారికి బ్యాలే అంటే గాలిలో తేలే సుకుమారమైన పాదాలు. ఆ సాయంత్రం మొదటి అంశంగా షోపాన్ సంగీతానికి కూర్చిన ‘లే సిల్ఫీద్’ను చూపించి, ఆ అభిరుచిని నిర్వాహకులే మరింత బలపరిచారు. మరొక వైపు, కొత్తది ఏదైనా సమర్థించి తీరాలని వచ్చిన యువ కళాకారులు, రచయితలు. ఈ రెండు వర్గాలు వేదికతో పోట్లాడినంతగా ఒకరితో ఒకరు పోట్లాడుకున్నాయి. కేకలు బాగా ముదిరిన తర్వాత ఆర్కెస్ట్రా పలికింది ఎంతమందికి వినబడిందో సందేహమే. వినబడని సంగీతాన్ని జనం తిరస్కరించారని ఎలా చెప్పగలం?

దీనికి మరింత గట్టి రుజువు మరుసటి ఏడాది దొరికింది. 1914 ఏప్రిల్‌లో అదే నగరంలో అదే మాంట్యూ నృత్యం లేకుండా ఆ సంగీతాన్ని కచేరీగా వినిపించాడు. ఏడాది కూడా తిరగకముందే పారిస్ శ్రోతలు స్ట్రావిన్‌స్కీని భుజాల మీద ఎత్తుకొని వీధిలోకి తీసుకువెళ్లారు. స్వరాల్లో మార్పు లేదు. కంటి ముందు నుంచి నృత్యం తొలగింది, విన్నదేమిటో చర్చించుకోవడానికి జనానికి సమయం దొరికింది. అందుకే ఆ తొలి రాత్రిని సంగీతం మీద తీర్పుగా కాక, ఒక సభలో కలిసిన రెండు వర్గాల చరిత్రగా చదవమని విద్యార్థులకు నా సలహా.

ప్రశ్న: జనం ఛీకొట్టిన రచనలే కాలక్రమంలో గొప్పవిగా నిలుస్తాయని మా గురువుగారు అంటారు. ఇది నిజమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: మీ గురువుగారి మాటలో కొంత నిజం ఉంది. కానీ దానిని సూత్రంగా తీసుకుంటే పొరపాటవుతుంది. ఛీత్కారం పొందిన రచనల్లో మనకు పేర్లు తెలిసినవి తర్వాత నిలిచినవే. నిలవనివాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటే ఛీత్కారానికీ గొప్పతనానికీ సంబంధం అంత తేలికగా కనబడదు.

అయినా వియన్నా అనుభవాన్ని ఇక్కడ తప్పక చెప్పాలి. 1913 ఫిబ్రవరి 23న స్వరకర్త షోన్‌బెర్గ్ రాసిన ‘గుర్రెలీడర్’ను అక్కడ మొదటిసారి వినిపించినప్పుడు శ్రోతలు జేజేలు పలికారు. తన కొత్త రచనలను ఏళ్ల తరబడి ఎగతాళి చేసిన నగరం తన పాత శైలి రచనను మెచ్చుకోవడం ఆయనకు ఊరట కలిగించలేదు. ఆయన వాద్యకారులకు నమస్కరించి, శ్రోతలకు వీపు చూపించాడు. అయిదు వారాల తర్వాత, మార్చి 31న, ముజిక్‌ఫెరైన్ సభలో ఆయనే నిర్దేశకత్వం వహించిన కచేరీలో వేబెర్న్, జెమ్లిన్‌స్కీ, షోన్‌బెర్గ్ రచనల తర్వాత ఆల్బన్ బెర్గ్ పాటలు వచ్చాయి. రచయిత పీటర్ ఆల్టెన్‌బెర్గ్ పోస్టుకార్డుల కోసం రాసిన చిన్న చిన్న మాటలకు బెర్గ్ కట్టిన అయిదు పాటల్లో రెండు మాత్రమే ఆ సాయంత్రం పాడారు. సభలో కొట్లాట రేగింది, పోలీసులు వచ్చారు, చివర పాడవలసిన మాలర్ పాటలు పాడనే లేదు.

ఈ ఉదంతాన్ని చాలామంది సరదా కథలా చెప్పుకొంటారు. నాకు అది బాధాకరంగా తోస్తుంది. అప్పటికి బెర్గ్ వయసు ఇరవై ఎనిమిదేళ్లు. ఆర్కెస్ట్రా కోసం ఆయన రాసిన మొదటి రచన అది. 1935లో మరణించే వరకు ఆయన ఆ అయిదు పాటలను పూర్తిగా వినలేదు. అవి మొత్తంగా సభకెక్కింది 1953లో. ఒక సాయంత్రపు అసహనం ఒక రచనను నలభై ఏళ్లు మూసివేయగలదు. తర్వాత దొరికిన కీర్తి ఆ నలభై ఏళ్లను తిరిగి ఇవ్వదు.

అసహనం మామూలు శ్రోతల సొత్తు అనుకోవడమూ సరికాదు. 1945లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ రచనల కచేరీలో గొడవ చేసినవారు స్వరకర్త మెస్సియాన్ శిష్యులు. వారిలో యువ స్వరకర్త బూలెజ్ కూడా ఉన్నాడు. స్ట్రావిన్‌స్కీ పాత శైలుల వైపు మళ్లడమే వారి కోపానికి కారణం. అలాగే పోలండ్ స్వరకర్త గొరెట్స్‌కీ మూడవ సింఫనీని 1977లో ఫ్రాన్స్‌లోని రొయాన్ ఉత్సవంలో తొలిసారి వినిపించినప్పుడు, అది మరీ సరళంగా, మరీ మధురంగా ఉందని ప్రయోగవాద విమర్శకులు తీసిపారేశారు. 1992లో విడుదలైన ఒక రికార్డింగు పదిలక్షలకు పైగా అమ్ముడైంది. అక్కడ కాలం చెల్లిన తీర్పు సామాన్యులది కాదు, నిపుణులది.

ప్రశ్న: ఒక పియానిస్టు నాలుగున్నర నిమిషాలు పియానో ముందు ఏమీ వాయించకుండా కూర్చోవడాన్ని సంగీతం అంటారట. డబ్బు కట్టి వచ్చినవారికి కోపం రావడం న్యాయం కాదా? (ఒక పాఠకుడు)

జవాబు: కోపం రావడం సహజమే. మొదటి శ్రోతలకూ వచ్చింది. జాన్ కేజ్ రచన ‘4 నిమిషాల 33 సెకన్లు’ను డేవిడ్ ట్యూడర్ 1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ వద్ద మావెరిక్ సభామందిరంలో తొలిసారి ప్రదర్శించాడు. దానికి మూడు భాగాలు ఉన్నాయి. ట్యూడర్ పియానో మూతను మూసి, తెరుస్తూ ఒక్కొక్క భాగం మొదలును, ముగింపును సూచించాడు. ఆ సభామందిరం వెనుక భాగం అడవి వైపు తెరచి ఉంటుంది. మొదటి భాగంలో బయటి గాలి, రెండవ భాగంలో కప్పు మీద వాన చినుకులు, మూడవ భాగంలో జనం గుసగుసలు, లేచి వెళుతున్నవారి అడుగుల చప్పుడు వినబడ్డాయని కేజ్ తర్వాత చెప్పాడు.

ఇక్కడ నేను గమనించమని కోరేది ఒక్కటి. మిగిలిన రచనల్లో శ్రోతల స్పందన సంగీతానికి బయట ఉంటుంది. ఈ రచనలో వారి అసహనమే వినవలసిన శబ్దాల్లో ఒక భాగం అవుతుంది. ఈ ఆలోచన మీకు రుచించకపోవచ్చు, మళ్లీ వినాలని అనిపించకపోవచ్చు. కానీ మోసగించేవాడు తాను చేస్తున్నదానిని దాచిపెడతాడు. ట్యూడర్ గడియారం ముందు పెట్టుకొని, అందరి ఎదుటా, నిర్ణీత సమయం ప్రకారం ఆ పని చేశాడు. దానిని మోసం అనడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: కచేరీలో భరించలేని ఆ శబ్దాలనే సినిమాలో వింటే మనకు ఇబ్బంది కలగదేం? (ఒక పాఠకురాలు)

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ఇది.

మనకు అలవాటైన సంగీతంలో చెవి ఎప్పుడూ ముందుకు అంచనా వేస్తూ ఉంటుంది. ఒక ఆధార స్వరం ఉంటుంది, దాని నుంచి దూరం వెళ్లిన స్వరాలు తిరిగి దాని దగ్గరకు వస్తాయి, లయ ఒక క్రమంలో తిరుగుతుంది, విన్న పలుకు మళ్లీ వినబడుతుంది. వింటున్నవారికి శాస్త్రం తెలియకపోయినా ఈ అంచనా జరుగుతూనే ఉంటుంది, అది ఫలించినప్పుడు ఆనందం కలుగుతుంది. అవాంగార్డ్ రచనల్లో చాలావాటిలో ఆధార స్వరం లేదు, పునరావృత్తి లేదు, తర్వాత ఏం రాబోతుందో చెప్పే గుర్తులు లేవు. చెవి వేసిన ప్రతి అంచనా తప్పవుతుంటే అలసట కలుగుతుంది. ఆ అలసటనే మనం అపస్వరమని, గోల అని అంటాం. దీనికి తోడు సమయం మన చేతిలో ఉండదు. చిత్రకళా ప్రదర్శనలో అర్థం కాని చిత్రం ముందు నుంచి అరనిమిషంలో ముందుకు నడిచిపోవచ్చు. కచేరీలో మాత్రం స్వరకర్త ఎంతసేపు నిర్ణయిస్తే అంతసేపు కూర్చోవలసిందే.

సినిమాలో ఈ రెండు ఇబ్బందులూ లేవు. తర్వాత ఏమవుతుందన్న అంచనాను కథ మోస్తుంది, శబ్దానికి అర్థాన్ని దృశ్యం ఇస్తుంది. స్వరకర్త లిగెటి రాసిన ‘అట్మోస్ఫేర్’ను స్టాన్లీ కుబ్రిక్ 1968 నాటి తన అంతరిక్ష చిత్రంలో వాడుకున్నప్పుడు, ఆ దట్టమైన స్వరమేఘాన్ని కోట్లాదిమంది విశ్వపు విస్తారంగా అర్థం చేసుకున్నారు. అయితే ఈ రచనకు సినిమా సాయం తప్పనిసరి కాదు. 1961లో డొనావెషింగెన్ ఉత్సవంలో దాని తొలి ప్రదర్శన పూర్తికాగానే శ్రోతలు మళ్లీ వాయించమని కోరారు, మళ్లీ వాయించారు. ఆ ఉత్సవానికి వచ్చినవారు కొత్త శబ్దం కోసమే వచ్చారన్నది ఇక్కడ కీలకం.

శీర్షిక కూడా దృశ్యం చేసే పనినే చేయగలదు. యాభై రెండు తంత్రీవాద్యాల కోసం పెండెరెట్స్‌కీ రాసిన రచనకు మొదట పెట్టిన పేరు దాని నిడివిని సూచించే ‘8 నిమిషాల 37 సెకన్లు’. తర్వాత దానిని హిరోషిమా బాధితులకు శోకగీతంగా అంకితం చేశాడు. ఆ పేరు తెలిసిన శ్రోత తంత్రుల కీచుధ్వనిలో ఆక్రందన వింటాడు. పేరు తెలియని శ్రోతకు ఆ ధ్వని కీచుగానే మిగిలిపోవచ్చు.

ప్రశ్న: ఈ స్వరకర్తలకు శ్రోతలంటే లెక్క లేదనిపిస్తుంది. మనం మాత్రం వారిని ఎందుకు గౌరవించాలి? (ఒక పాఠకుడు)

జవాబు: ఈ అభిప్రాయం వ్యాపించడానికి 1958లో అమెరికన్ పత్రిక ‘హై ఫిడెలిటీ’లో వచ్చిన ఒక వ్యాసం చాలావరకు కారణం. స్వరకర్త మిల్టన్ బాబిట్ రాసిన ఆ వ్యాసం ‘మీరు వింటే ఎవరికి కావాలి?’ అనే అర్థం వచ్చే శీర్షికతో అచ్చయింది. బాబిట్ పెట్టిన శీర్షిక అది కాదు. స్వరకర్తను ఒక ప్రత్యేక రంగంలో నిపుణుడిగా చూడాలన్న అర్థంలో ఆయన వేరే పేరు పెట్టాడు, పత్రికవారు దానిని మార్చారు. ఉన్నత గణితం లాగానే ఉన్నత స్థాయి సంగీత రచనకూ విశ్వవిద్యాలయాలు ఆశ్రయం ఇవ్వాలన్నది ఆయన వాదన. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను, ఎందుకంటే సభలో వినిపించే రచన వినేవారితో సంబంధం తెంచుకోలేదు. కానీ ఆయన అనని మాటకు ఆయనను నిందించడం అన్యాయం.

షోన్‌బెర్గ్ ఎంచుకున్న మార్గం నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆయన 1918లో వియన్నాలో సంగీత ప్రదర్శనల కోసం సభ్యులకు మాత్రమే పరిమితమైన ఒక సంఘాన్ని స్థాపించాడు. అక్కడ చప్పట్లు నిషేధం, నిరసన నిషేధం, పత్రికా విమర్శకులకు ప్రవేశం లేదు. ఏ రచన వినిపిస్తారో ముందుగా చెప్పేవారు కారు, అందువల్ల నచ్చనిదాన్ని ఎగ్గొట్టే వీలు ఉండేది కాదు. ప్రతి రచనకూ తగినన్ని రిహార్సల్స్ చేసేవారు, కష్టమైనవాటిని మళ్లీ మళ్లీ వినిపించేవారు. 1921లో ఆర్థిక ఇబ్బందులతో మూతపడేలోగా నూరుకు పైగా కచేరీలు జరిగాయి. ఈ నియమాలు కఠినంగా తోచవచ్చు. కానీ శ్రోతలను లెక్కచేయనివాడు ఒకే రచనను వారికి రెండు మూడుసార్లు వినిపించే శ్రమ పడడు.

లెక్కలేనితనం కొన్నిసార్లు వేదిక మీది నుంచే వస్తుందన్నదీ నిజం. 1964 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కేజ్ రచనను ప్రదర్శించినప్పుడు శ్రోతలు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. అది ఊహించదగినదే. స్వరకర్త వేదిక మీదికి వచ్చినప్పుడు వాద్యకారుల్లోనే కొందరు ఆయనను చూసి బుసకొట్టినట్లు శబ్దం చేశారు. వాయించేవారికే నమ్మకం లేని రచన వినేవారిని ఎలా చేరుతుంది? మీకు చెడ్డగా తోచిన ఒక ప్రయోగాన్ని తిరస్కరించే ముందు, దానిని శ్రద్ధగా వాయించారా అన్న ప్రశ్న కూడా వేసుకోండి.

ప్రశ్న: నచ్చనప్పుడు బిగ్గరగా నిరసన తెలపడం తప్పా? (ఒక పాఠకుడు)

జవాబు: రచన పూర్తయిన తర్వాత తెలపడం తప్పు కాదు. జరుగుతుండగా తెలిపితే అది మిగిలినవారి హక్కును లాక్కోవడమే. 1973 జనవరిలో కార్నెగీ హాల్‌లో స్టీవ్ రైష్ ‘ఫోర్ ఆర్గన్స్’ ప్రదర్శన జరిగింది. మరాకాస్ అనే గిలక వాద్యాల లయ మీద నాలుగు ఎలక్ట్రిక్ ఆర్గన్లు ఒకే స్వరసమూహాన్ని క్రమంగా పొడిగిస్తూ పోయే రచన అది. నచ్చని శ్రోతల అరుపుల వల్ల వాద్యకారులకు ఒకరి వాద్యం ఒకరికి వినబడక, లెక్కలను గట్టిగా పలుకుతూ వాయించవలసి వచ్చిందని వారిలో ఒకరైన మైకేల్ టిల్సన్ థామస్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆ రోజు మౌనంగా వినాలని వచ్చినవారి గురించి ఎవరూ రాయలేదు. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది వారే.

ప్రశ్న: వచ్చే నెల మొదటిసారిగా ఇటువంటి కచేరీకి వెళుతున్నాను. ఎలా సిద్ధపడాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: కార్యక్రమంలోని రచనల నిడివిని ముందుగా తెలుసుకోండి. ఎంతసేపు వినాలో తెలిస్తే అసహనం సగం తగ్గుతుంది. కొత్త రచన రికార్డింగు దొరికితే వెళ్లేలోగా రెండుసార్లు వినండి. మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా, రెండవసారి మొదటిసారి గుర్తుండిపోయిన చోటు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ. స్వరాల వరుసను పట్టుకోవాలని ప్రయత్నించకండి. శబ్దం ఎంత దట్టంగా ఉంది, ఎంత పలచగా ఉంది, ఏ వాద్యం నుంచి ఏ వాద్యానికి మారింది, ఎక్కడ ఆగింది అన్నవి గమనించండి. చాలా రచనలు ఈ మార్పుల మీదనే కట్టినవి.

ముందుగా అలవాటు చేసుకోవడానికి వేబెర్న్ రాసిన ఆర్కెస్ట్రా రచన ఓపస్ 10 (ఆయన రచనల్లో పదవ సంఖ్య గలది) తగినది. అందులోని అయిదు ఖండికలూ కలిపి సుమారు అయిదు నిమిషాలే. నాలుగవ ఖండిక అరనిమిషం కూడా ఉండదు. మాండొలిన్, ట్రంపెట్, వయొలిన్ వంటి వాద్యాలు తలా కొన్ని స్వరాలు పలికి తప్పుకుంటాయి. దానిని వెంటవెంటనే నాలుగైదుసార్లు వినండి, మొత్తం రెండు నిమిషాల పని. ఏ వాద్యం తర్వాత ఏది వస్తుందో మూడోసారికి మీకే తెలుస్తుంది.